రాజుగారి ఆరోగ్యాన్ని కాజేసినవాడు

ఒకానొక రాజ్యంలో రాజుగారి కత్తికి రెండు పెళ్ళిళ్ళయ్యాయి.

నవ్వనక్కర్లేదు. ఆ కాలంలో అది ఆచారమే. దూరదేశపు పిల్లను చేసుకోదలచిన రాజు స్వయంగా కదలవలసిన పని లేదు. ఆయన కత్తిని పల్లకిలో పెట్టి పంపితే చాలు, పెళ్ళికూతురు దాని పక్కన పీటల మీద కూర్చునేది. వెలగదుర్గాన్ని ఏలే ఉద్దండరాయలవారు తమ రాణులిద్దరినీ అలాగే చేసుకున్నారు. రెండో పెళ్ళి ముహూర్తం వేళకు ఆయన ఇక్కడ పూర్ణాలు ఆరగించి గుర్రుపెట్టి నిద్రపోతున్నారు.

పనికి బదులు మనిషిని పెట్టడమంటే ఆయనకు అంత ఇష్టం. మాఘస్నానాలు ఆయన బదులు పురోహితుడు చేసేవాడు. ఏకాదశి ఉపవాసం ఆయన బదులు ఇంకొకడు ఉండేవాడు. మేనత్తగారు కాలం చేస్తే ఆయన బదులు ఏడవడానికి గొంతు బాగున్నవాళ్ళను పిలిపించారు. ఇక ఆయన స్వయంగా చేసుకునే పనులు భోజనం, నిద్ర, కోపం. ఆ మూడింటికీ మాత్రం ఏనాడూ లోపం రానివ్వలేదు.

బారెడు పొద్దెక్కాక లేవడం, లేవగానే నేతి గారెలు, గారెలు తిన్న అలసట తీరడానికి ఒక కునుకు, ఆ తర్వాత భోజనం, భోజనం మీద అసలైన నిద్ర, దీపాలు పెట్టాక నాట్యం చూస్తూ అరిసెలు. పడకటింటి నుంచి భోజనశాలకు కూడా పల్లకిలోనే. ఇలా ఏళ్ళు గడిచాయి. ఏ ఒక్కరోజూ తనకేమీ కాలేదు కాబట్టి ఇక ఎప్పటికీ ఏమీ కాదని ఆయన నమ్మకం.

ఒక్క పని మాత్రం బదులుకు లొంగలేదు. ఏటా విజయదశమినాడు రాజు కోట ఎదుటి జమ్మిగుట్టను కాలినడకన ఎక్కి, పైనున్న జమ్మిచెట్టు కొమ్మను తన చేత్తో తుంచి సామంతులకు పంచాలి. అది ఉద్దండరాయలవారి తాతగారు పెట్టిన కట్టుబాటు. వరసగా రెండేళ్ళు గుట్ట ఎక్కలేని రాజుకు కప్పం కట్టనక్కర్లేదని సామంతులకు మాట కూడా ఇచ్చిపోయారాయన. తాతగారు సన్నగా, పొడుగ్గా, చువ్వలా ఉండేవారట. మనవడు ఎలా తయారవుతాడో ఆయనకేం తెలుసు.

ఆ ఏడు దసరాకు ఉద్దండరాయలవారు గుట్ట ఎక్కారు. ఎక్కారనడం కంటే ఎక్కించారనడం న్యాయం. ఇద్దరు వెనక నుంచి నెట్టారు, ఒకడు ముందు నుంచి లాగాడు. పైకి చేరేసరికి ఆయన ఊపిరి కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది. కొమ్మ తుంచడానికి చెయ్యెత్తితే చెయ్యి వణికింది. సామంతుల్లో పెద్దవాడైన గుండ్లకొండ దొర మీసాల చాటున నవ్వుకోవడం అందరూ చూశారు. అందరికంటే ముందు రాజుగారు చూశారు.

మర్నాడు సభకు రాజవైద్యుడు భీమభట్టును పిలిపించారు. ముసలివాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు, పాదాల వాపును వేలితో నొక్కి చూశాడు.

"మందేమిటి?" అన్నారు రాజుగారు.

"మందు లేదు ప్రభూ. పొద్దు పొడవకముందే లేవాలి. జమ్మిగుట్ట దాకా నడిచి రావాలి. జొన్నసంకటి, ఆకుకూర, పలచటి మజ్జిగ తీసుకోవాలి. పొద్దుగూకకముందే రాత్రి భోజనం ముగించాలి. పగటినిద్ర మానాలి."

"ఒక్క పూట గారెలు తింటే ఏమవుతుందయ్యా?"

"ఏమీ కాదు ప్రభూ. ఒక్క పూట నడిచినా ఏమీ కాదు. ఇందులో ఉన్న మోసమే అది. ఏ పూటకాపూట ఏమీ కానట్టే ఉంటుంది. అన్నీ కలిసి ఒకనాడు ఇలా మోకాళ్ళ మీదికి వస్తాయి."

రాజుగారి మొహం మాడింది. అది కనిపెట్టి ఆస్థాన ధర్మాధికారి దిగ్దంతి సోమయాజిగారు శాలువా సవరించుకుంటూ లేచారు. సోమయాజిగారికి తెలియని శాస్త్రం లేదు. అవసరమైతే లేని శాస్త్రం కూడా ఆయనకు తెలిసేది.

"ఏలినవారికి ఇంత శ్రమ దేనికి?" అన్నారు ఆయన. "యాగంలో పొగ మింగేది ఋత్విక్కులు, స్వర్గానికి పోయేది యజమాని. నడిచేవాడు ఎవడైతేనేం, ఫలం మాత్రం ఏలినవారిదే."

సభ యావత్తూ ఆహా అంది. భీమభట్టు ఏదో అనబోయి, తన వయసు గుర్తొచ్చి ఊరుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక మూల నుంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వును మింగబోతే అడ్డం తిరిగి వచ్చిన చప్పుడు. ఆ నవ్వు మాచనది.

మాచన ఆస్థానంలో మాటకారి. రాజుగారికి చిరాకు పుడితే నవ్వించడం, మంత్రులు పోట్లాడుకుంటే సర్దిచెప్పడం అతని ఉద్యోగం. నాలుకకు ఎంత చురుకో ఒంటికి అంత బద్ధకం. మంచం దిగడానికి కూడా మంచి ఘడియ చూసుకునే రకం.

"మాచనా, దగ్గుతున్నావు. నీ ఒంట్లోనూ బాగున్నట్టు లేదు," అన్నారు రాజుగారు. "ఈ పనికి నువ్వే తగినవాడివి. వచ్చే దసరా దాకా నా బదులు నువ్వు నడువు. నా బదులు సంకటి తిను."

"చిన్న మనవి ప్రభూ," అన్నారు సోమయాజిగారు. "ప్రతినిధి శ్రద్ధగా ఆచరించకపోతే ఫలం రాదు. ఫలం రాకపోతే దోషం ప్రతినిధిదే. అప్పుడు అతని ఇల్లూ వాకిలీ స్వాధీనం చేసుకుని, ఆలుమగలిద్దరినీ పొలిమేర దాటించడం ధర్మం."

రాజుగారు తల ఊపారు. మాచన గొంతులోని నవ్వు అక్కడే ఇంకిపోయింది.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే అతని భార్య కామసాని చేటలో బియ్యం చేటలోనే ఉంచి వింది.

"నవ్వు నాలుగందాల చేటని మా అమ్మ ఊరికే అనలేదు," అంది చివరికి. "ఇప్పుడేం చేస్తారు?"

"నడుస్తాను. ఆయన పడుకుంటే నేను నడుస్తాను, ఆయన గారెలు తింటే నేను సంకటి తింటాను. ఏడాది తిరిగేసరికి ఆయన చెంగుచెంగున గుట్ట ఎక్కాలి. నువ్వే చెప్పు కామసానీ, నువ్వు తింటే నా కడుపు నిండుతుందా?"

"నేను తింటే మీకు నిండదు. మీరు తింటే మాత్రం నాకు గిన్నె ఖాళీ అవుతుంది," అంది కామసాని. "సరే, తెల్లవారకముందే లేపుతాను. లేవనని గొణిగితే నీళ్ళు చల్లుతాను."

ఆ ఇల్లు మాచన తండ్రి కట్టించినది. పెరట్లో కామసాని వేసిన మల్లెపందిరి ఉంది, చేదబావి ఉంది. అవన్నీ వదిలి ఈ వయసులో ముక్కూమొహం తెలియని ఊరికి పోవడమన్న తలపుకే మాచనకు గుండె జారింది. రాజుగారి నిద్ర మీద తన ఇల్లు ఆధారపడి ఉందంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వడానికి ఈసారి భయపడ్డాడు.

నడిచేది మాచన అయినా నడక రాజుగారిది కదా. అందువల్ల రాజలాంఛనాలు ఉండాలని సోమయాజిగారు పట్టుబట్టారు. ముందు కొమ్ము ఊదేవాడు, వెనక గొడుగు పట్టేవాడు. మొదటిరోజు కొమ్ము మోతకు రాజుగారి నిద్ర చెడింది. దాంతో కొమ్మువాణ్ణి మాన్పించారు, గొడుగువాడు మిగిలాడు.

"తప్పుకోండి, మహారాజుగారు నడుస్తున్నారు," అని గొడుగువాడు కేకవేసేవాడు. నీళ్ళకు వచ్చే ఆడవాళ్ళు బిందెలతో పక్కకు ఒదిగేవారు.

"మరి ఆయనేరీ?" అని అడిగింది ఒకావిడ.

"నిద్రపోతున్నారు."

"నిద్రపోతూ ఇంత దూరం నడుస్తున్నారా. ఎంతైనా రాజులు," అందావిడ.

మొదట్లో మాచన సోమయాజిగారిని తిట్టుకుంటూ నడిచాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. సంకటి గొంతు దిగేది కాదు. మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే కామసాని ఏదో ఒక పని పురమాయించేది. అయితే చలికాలం వెళ్ళేసరికి తమాషా మొదలైంది. కామసాని లేపకముందే మెలకువ వస్తోంది. గుట్ట దారిలో రోజూ చతికిలబడే రాయి దగ్గర కూర్చోవడం మరిచిపోయాడు. ఎన్నాళ్ళుగానో వేధిస్తున్న మడమనొప్పి ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. సంకటి రుచిగా ఉందని ఒకరోజు తనే అన్నాడు.

"ఈ అంగీ ఎవరిది? ఎవరిదో వేసుకొచ్చారేమిటి?" అని కామసాని అతని వదులైన అంగీ పట్టుకుని చూసింది.

ఒళ్ళు తేలికపడుతున్నకొద్దీ మాచన మనసు బరువెక్కింది. కోటలో రాజుగారు రోజురోజుకూ ఉబ్బుతున్నారు. తన బదులు ఒకడు పథ్యం చేస్తున్నాడన్న ధైర్యంతో గారెలు మరి రెండు ఎక్కువ తింటున్నారు కూడా. మాచన ఉండబట్టలేక ఒకసారి అన్నాడు, "ప్రభూ, ఒక్క పూట తమరు కూడా దయచేస్తే..."

"నీకు అప్పగించిన పనిలో నేను చెయ్యిపెడితే నీ గౌరవం ఏం కావాలి?" అన్నారు రాజుగారు, ఎంతో దయగా.

దసరా వచ్చింది. ఆ ఏడు రాజుగారు గుట్టలో సగం కూడా ఎక్కలేకపోయారు. దారి మధ్యలో ఒక బండ మీద కూలబడి, చేత్తో సైగ చేశారు, ఇక నావల్ల కాదని. పక్కనే గొడుగు పట్టుకుని మాచన నిలబడ్డాడు. అతనికి చెమటైనా పట్టలేదు. గుండ్లకొండ దొర వచ్చి వంగి నమస్కరించి, "తొందరేముంది మహారాజా, వచ్చే ఏటికి చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే తాతగారి మాట ఎలాగూ ఉంది కదా," అన్నాడు. రాజుగారు దొర వైపు చూడలేదు. మాచన వైపు చూశారు, నిగనిగలాడే అతని మొహం వైపు.

మర్నాడు సభ కిక్కిరిసింది. మాచనను మధ్యలో నిలబెట్టారు.

"ప్రభూ, ఫలం పుట్టకపోలేదు," అన్నారు సోమయాజిగారు. "పుట్టింది. అదుగో, ఎదురుగా నిలబడి ఉంది. ఆ బుగ్గలు చూడండి. ఆ నడుము చూడండి. నిన్న గుట్ట ఎక్కుతూ ఒక్కసారి రొప్పలేదు. ఏలినవారి పేరున పండిన ఆరోగ్యాన్ని ఏలినవారికి చేర్చకుండా తన ఒంట్లో దాచుకున్నాడు. ఇది రాజుగారి సొమ్ము కాజేయడం కాక మరేమిటి?"

సభలో కొందరు తలలాడించారు. చూడబోతే నిజమే అనిపించింది వాళ్ళకు.

"ఏమంటావు మాచనా?" అన్నారు రాజుగారు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది. "నా ఆరోగ్యాన్ని కాజేశావా?"

మాచన నాలుక చివరికి ఒక మాట వచ్చింది. గారెలు తినడానికి కూడా బదులు మనిషిని పెట్టండి ప్రభూ, అప్పుడు లెక్క సరిపోతుంది. ఆ మాటకు సభంతా గొల్లుమనేది. కానీ మాచన దాన్ని మింగేశాడు. సభలో రాజును ఓడించినవాడు గెలిచి ఇంటికి వెళ్ళడు. పైగా సోమయాజిగారు ఇంకో శాస్త్రం తీస్తారు, రాజుగారు అదే పల్లకిలో అలాగే కూర్చుంటారు. పీట మీద పెట్టుకున్న ఆయన పాదాలు వాచి మెరుస్తున్నాయి. వాటిని చూస్తే మాచనకు నిజంగానే జాలేసింది.

"నిజమే ప్రభూ," అన్నాడు. "కాజేశాను."

సభ నిర్ఘాంతపోయింది. సోమయాజిగారు కూడా. ఆయన వాదానికి సిద్ధపడి వచ్చారు కానీ ఒప్పుకోలుకు కాదు.

"దాచాలన్నా దాగే సొమ్ము కాదు. బుగ్గల మీదే కనిపిస్తోందని ధర్మాధికారిగారు సెలవిచ్చారు కదా," అన్నాడు మాచన. "అది ఏలినవారిదే. ఇచ్చేస్తాను. నాకు ఒక్క రవ్వ కూడా వద్దు."

"అయితే ఇవ్వు," అన్నారు రాజుగారు, చెయ్యి చాపి.

"ముద్దగా వచ్చిన సొమ్మయితే ముద్దగానే ఇచ్చేవాణ్ణి ప్రభూ. ఇది అలా రాలేదు. గుట్ట దారిలో ఒక్కో ఉదయం ఒక్కో చిటికెడు వచ్చింది. సంకటి తిన్న పూట కొంచెం, నిద్ర ఆపుకున్న మధ్యాహ్నం కొంచెం. వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది తప్ప ఇంకో దారి దానికి తెలియదు. ఏలినవారు రోజూ పొద్దున్నే నాతో ఆ దారిన వస్తే, ఏ రోజు వాటా ఆ రోజు ముట్టజెబుతాను. కావాలంటే భీమభట్టుగారిని అడగండి."

భీమభట్టు ఏడాదిగా మూసుకున్న నోరు తెరిచాడు. "ఇంకో దారి లేదు ప్రభూ," అన్నాడు.

రాజుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "సరే. నా బదులు సోమయాజిగారు రోజూ వెళ్ళి తీసుకొస్తారు," అన్నారు.

"మహాప్రసాదం," అన్నాడు మాచన. "అయితే ఏడాది తిరిగేసరికి ఆయన బుగ్గలూ ఇలాగే నిగనిగలాడతాయి. అప్పుడు ఇదే చోట ఆయన్ని నిలబెట్టి ఇదే విచారణ జరిపించాలి. మా ఇంటికంటే ఆయన ఇల్లు పెద్దది, స్వాధీనం చేసుకోవడానికి కొంచెం ఎక్కువమంది కావాలి. అంతే."

సోమయాజిగారి శాలువా భుజం మీద నుంచి జారింది. "ప్రభూ, ఇప్పుడే స్ఫురించింది," అన్నారు గబగబా. "పోయిన సొమ్ము దొరికితే సొంతదారు స్వయంగా వెళ్ళి అందుకోవాలని శాస్త్రం. ఇంకొకరు తాకను కూడా తాకరాదు."

ఆ శాస్త్రం ఏదో ఎవరూ అడగలేదు. వచ్చే దసరా లోపల సొమ్మంతా ముట్టజెప్పాలనీ, లేకపోతే పాత శిక్ష అమలవుతుందనీ తీర్పు అయింది. మాచన ఇల్లు ఇంకో ఏడాది అతనికి మిగిలింది.

మొదటి ఉదయం రాజుగారు కోట గుమ్మం దాటి, మలుపు దగ్గర రచ్చబండ దాకా వచ్చి దబ్బున కూర్చున్నారు.

"ఇవాళ్టికి ఇంతేనా?" అన్నారు రొప్పుతూ.

"ఇంతే ప్రభూ. మిగిలిందంతా నా దగ్గర భద్రంగా ఉంది."

"ఆ మాటే నాకు నచ్చలేదు," అన్నారు రాజుగారు.

తన సొమ్ము మరొకడి ఒంట్లో ఉందంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఒక్క పూట మానేస్తే ఆ పూట వాటా మాచనకే మిగిలిపోతుందని బెంగ. భయం వల్ల కానిది, వైద్యుడి బోధ వల్ల కానిది, ఈ బెంగ వల్ల అయింది. ఒకనాడు ముసురు పట్టింది. ఇవాళ రాజుగారు రారులే అని మాచన దుప్పటి ముసుగుపెట్టాడు. వీధి తలుపు దబదబా మోగింది. కామసాని తలుపు తీస్తే, గొడుగు కింద సగం తడిసిన మహారాజుగారు నిలబడి ఉన్నారు.

"ముసురు పట్టిందని నా వాటా ఎగ్గొడదామనుకున్నాడా మీ ఆయన?" అన్నారు.

ఇంకొకనాడు గుట్ట మొదలు దాకా వెళ్ళి తిరిగి వస్తూ ఆయన పొట్ట పట్టుకుని ఆగిపోయారు. "మాచనా, కడుపులో ఏదో మెలిపెడుతోంది. భీమభట్టుకు కబురు పంపు," అన్నారు గాభరాగా.

మాచన వివరాలన్నీ అడిగాడు. ఎక్కడ, ఎలా, ఎప్పటి నుంచి.

"అది జబ్బు కాదు ప్రభూ," అన్నాడు. "ఆకలి."

రాజుగారికి ఆ వయసుకు అదే మొదటిసారి. మాచన ఇల్లు దారిలోనే ఉంది కాబట్టి అరుగు మీద కూర్చున్నారు. కామసాని మొహమాటపడుతూ సంకటి ముద్ద, గోంగూర పులుసు తెచ్చి పెట్టింది. ఆయన మాట్లాడకుండా తిన్నారు. ఇంకో ముద్ద అడిగారు. ఇంకోటి అడగబోతే కామసాని గిన్నె వెనక్కి లాక్కుంది.

"ఏమనుకోకండి మహారాజా. ఇంకొంచెం ఉంటే బాగుండుననిపిస్తున్నప్పుడే లెయ్యాలి. అప్పుడే రేపు మళ్ళీ ఆకలేస్తుంది."

మహారాజుగారి ముందు నుంచి గిన్నె లాక్కున్నవాళ్ళు అంతవరకూ ఆ రాజ్యంలో లేరు. మాచన గబుక్కున లేచి నిలబడ్డాడు. రాజుగారు మాత్రం చెయ్యి కడుక్కుని, "రేపు కూడా వేస్తుందా? చూద్దాం," అని లేచారు. మర్నాటి నుంచి ఆ అరుగు మీద భోజనం మామూలైపోయింది. గారెల పళ్ళెం కోటలో చల్లారి, వంటవాళ్ళ పాలైంది.

ఇలా కాలం నడిచింది, రాజుగారూ నడిచారు. ఒక్కోరోజు విసుక్కున్నారు, ఒక్కోరోజు మధ్యలో తిరిగొచ్చారు. ఒక పండగకు అరిసెలు దండిగా తిని రెండు రోజులు ఆయాసపడ్డారు. అయినా వేసవి వచ్చేసరికి గుట్టలో సగం దాకా, వానలు పడేసరికి పైదాకా వెళ్తున్నారు. పాదాల వాపు దిగింది. మాచన మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటూ భయంభయంగానే ఉన్నాడు. నడక వేరు, సామంతుల కళ్ళ ముందు నడక వేరు.

మళ్ళీ విజయదశమి వచ్చింది. గుట్ట కింద సామంతులంతా చేరారు. ఉద్దండరాయలవారు ఎవరి భుజమూ పట్టకుండా ఎక్కడం మొదలుపెట్టారు. దిగేటప్పుడు కావలసి వస్తుందేమోనని బోయీలు ఖాళీ పల్లకిని వెనకే మోసుకొచ్చారు. మధ్యలో ఒకచోట ఆగారు. గుంపు ఊపిరి బిగబట్టింది. రాజుగారు కాలికి గుచ్చుకున్న పల్లేరుకాయను వంగి తీసేసుకున్నారు, తన చేత్తోనే. తర్వాత పైకి చేరి జమ్మికొమ్మను పుటుక్కున తుంచారు. గుండ్లకొండ దొర అందరికంటే ముందుగా వచ్చి రెండు చేతులా జమ్మి అందుకున్నాడు. ఈసారి అతని మీసాల చాటున ఏమీ లేదు.

వెంట ఎక్కిన సామంతులందరూ జమ్మి అందుకున్నాక సోమయాజిగారు పైకి చేరారు. ఇద్దరి భుజాలు పట్టుకుని, రొప్పుతూ, రొప్పు మధ్యలోనే మాట అందుకున్నారు.

"సంతోషం ప్రభూ. కానీ మాచనను చూడండి. బుగ్గలు అలాగే ఉన్నాయి. సొమ్మంతా ముట్టజెప్పినవాడైతే ఈపాటికి ఎండిపోయి ఉండాలి. ఇంకా సగం దాచుకున్నాడు. తీర్పు ప్రకారం ఇతను పొలిమేర దాటవలసిందే."

మాచన గబగబా ముందుకు వచ్చాడు. ఏడాదంతా ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు. తీరా సమయానికి ఒక్క మాటా గుర్తు రాలేదు.

"సోమయాజిగారూ," అన్నారు రాజుగారు. "మీ ఇంట్లో ఎప్పుడైనా పాలు తోడుపెట్టడానికి పొరుగింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకున్నారా?"

"తెచ్చుకునే ఉంటారు ప్రభూ."

"తెల్లారేసరికి మీ గిన్నెడూ పెరుగయింది కదా. మరి పొరుగింటి కుండ ఖాళీ అయిందా?"

మాచన రాజుగారి వైపు కళ్ళప్పగించి చూశాడు.

"ప్రభూ, అయితే తమకు..."

"మామిడిపళ్ళ రోజుల్లోనే తెలిసిందయ్యా," అన్నారు రాజుగారు. "ఒకరి ఒంట్లోది ఇంకొకరికి రాదనీ, నువ్వు నాకు ఇచ్చేదేమీ లేదనీ, నేనే సంపాదించుకుంటున్నాననీ. తెలిసిందని చెబితే నువ్వు రావడం మానేస్తావు. నువ్వు మానితే నేను మానేస్తాను. అందుకని ఇంకా నిన్ను దొంగగానే ఉంచాను."

అని పకపకా నవ్వారు. ఆ నవ్వుకు మాచనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన ఇల్లు తనకు దక్కిందన్న సంతోషం కొంత, ఈ మనిషి బతికి బట్టకట్టాడన్న సంతోషం అంతకంటే ఎక్కువ.

రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశారు. అంతటితో ఆగలేదు. సభామర్యాద గుర్తొచ్చి ఛాతీ విరుచుకుని ప్రకటించారు, "మా ఆస్థానంలో అన్నిటికంటే పెద్ద గౌరవం పల్లకి సత్కారం. మాచనా, ఈనాటి నుంచి నీ జీవితాంతం నీకు పల్లకీ, బోయీలూ. ఇక నీ కాలు నేలకు తగలనక్కర్లేదు."

మాచన గభాలున ఆయన కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, ఆ పాత శిక్షే వేయండి. పొలిమేర దాటమంటే కనీసం నడిచి దాటుతాను."

ఈసారి రాజుగారు నవ్విన నవ్వుకు గుట్ట కింద ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మాచనను లేవనెత్తి, మంచి మాగాణి చెక్కా, ఏటేటా ఒక జత కిర్రుచెప్పులూ ఇప్పిస్తానని మాట ఇచ్చారు.

"మరి ఈ పల్లకి ఎవరికి?" అని చుట్టూ చూసి, సోమయాజిగారి దగ్గర చూపు ఆపారు.

సోమయాజిగారు ఆ గౌరవం కోసం ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నారో ఊరంతటికీ తెలుసు. ఆయన పల్లకి వైపు చూశారు. మాచన బుగ్గల వైపు చూశారు. ఇంకా ఎగసిపడుతున్న తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నారు.

"మహాప్రసాదం ప్రభూ," అన్నారు నెమ్మదిగా. "అయితే పల్లకిని ఖాళీగా వెంట తెచ్చుకుంటూ తాను కాలినడకన వెళ్ళడం మరింత గౌరవమని ఒక శాస్త్రంలో చదివిన గుర్తు."

"ఆ శాస్త్రం మాత్రం నిజంగా ఉండాలి," అన్నారు రాజుగారు, నవ్వు ఆపుకోలేక మాచన భుజం పట్టుకుని. "లేకపోతే రేపు పొద్దున నడుస్తూ మనమే రాద్దాం."

బోయీలు ఖాళీ పల్లకి భుజానికెత్తుకున్నారు. దాని ముందు రాజుగారు, మాచన, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ సోమయాజిగారు, ముగ్గురూ నడిచే గుట్ట దిగారు.